పొట్టి రివాల్వర్: దుకాణంలో ఎంపిక ఎంత, చట్టంలో చోటు ఎంత?

ఎన్నికల షెడ్యూలు వెలువడగానే నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఆయుధ లైసెన్సు ఉన్నవారికి పోలీస్ స్టేషన్ నుంచి కబురు వస్తుంది. చీమకుర్తి గ్రానైట్ క్వారీ యజమాని కావచ్చు, నెల్లూరు బంగారం వ్యాపారి కావచ్చు, తీరం వెంబడి రొయ్యల చెరువులున్న రైతు కావచ్చు. తుపాకీ తెచ్చి అప్పగించాలన్న మాట వినగానే చుట్టుపక్కల చర్చ మొదలవుతుంది. లైసెన్సు ఎలా వస్తుంది, ఏ రివాల్వర్ మంచిది, చొక్కా కింద పెట్టుకోవచ్చా, కొన్నాక మనకు తగ్గట్టు మార్చుకోవచ్చా అని ప్రశ్నలు వరస కడతాయి. జవాబుల్లో సగం అమెరికా వీడియోల నుంచి వస్తున్నాయి. చిక్కంతా అక్కడే ఉంది. ఆ దేశపు మార్కెట్టు, ఆ దేశపు చట్టం మనవి కావు. ఆ వీడియోల్లో ఒక్కటి మాత్రం ఇక్కడికీ వర్తిస్తుంది, అది భౌతికశాస్త్రం. దాన్ని గురించే తక్కువ మాట్లాడుకుంటాం.

పొట్టి గొట్టం రివాల్వర్ ఎక్కడి నుంచి వచ్చింది

తిరిగే సిలిండరులో అయిదారు తూటాలు పట్టే చేతి తుపాకీ రివాల్వర్. ట్రిగ్గరు నొక్కిన ప్రతిసారీ సిలిండరు ఒక గది ముందుకు తిరిగి, కొత్త తూటా గొట్టం ఎదుటికి వస్తుంది. గొట్టం మూడు అంగుళాలు, అంతకంటే తక్కువ ఉన్న రకాన్ని పొట్టి రివాల్వర్ అంటారు. దుస్తుల చాటున ఇమడడమే దాని పుట్టుకకు కారణం. అమెరికాలో కోల్ట్ కంపెనీ 1927లో తెచ్చిన డిటెక్టివ్ స్పెషల్‌లో ఆరు తూటాలు పడతాయి. 1950లో స్మిత్ అండ్ వెసన్ తెచ్చిన చీఫ్స్ స్పెషల్‌లో అయిదే. ఒక తూటా తగ్గించి సిలిండరును సన్నం చేశారన్నమాట. మఫ్టీ పోలీసులకు, డిటెక్టివులకు అవి నచ్చాయి. సినిమాల ద్వారా మనకూ పరిచయమయ్యాయి.

ఆ రెండూ .38 బోరువి. మన దేశంలో మామూలు పౌరుడి కథ ఆ అంకె దగ్గరే దారి మారుతుంది.

బోరు లెక్కలో ఉన్న మూడు ముడులు

మొదటిది కొలత. బోరు అంటే గొట్టం లోపలి వెడల్పు. .32 అంటే అంగుళంలో నూటికి 32 వంతులు, దాదాపు ఎనిమిది మిల్లీమీటర్లు. మన పల్లెల్లో పంట కాపలాకు వాడే 12 బోరు తుపాకీ లెక్క వేరు. ఆ గొట్టంలో సరిగ్గా పట్టే సీసపు గుండ్లు 12 కలిస్తే ఒక పౌను తూగుతాయని అర్థం. అందుకే అక్కడ అంకె పెరిగితే గొట్టం సన్నబడుతుంది. ఇక్కడ అంకె పెరిగితే లావవుతుంది.

రెండోది చట్టం. 1959 ఆయుధ చట్టం, 2016 ఆయుధ నియమాలు కలిసి కొన్ని ఆయుధాలను నిషిద్ధ బోరు కింద ఉంచాయి. సైన్యం, పోలీసులు వాడే 9 మిల్లీమీటర్లు, .38, .45 లాంటివి ఆ కోవలోకి వస్తాయి. వాటికి లైసెన్సు ఇచ్చే అధికారం కలెక్టరుకు లేదు, కేంద్ర హోం శాఖ చూసుకుంటుంది. కలెక్టరు పరిధిలో మిగిలిన చేతి తుపాకుల్లో ఆచరణలో దొరికేవి ప్రధానంగా .32, .22. కాబట్టి ఒంగోలులోనో నెల్లూరులోనో చిన్న బోరు రివాల్వర్ కొనేవారు దాన్ని ఎంచుకున్నామని అనుకున్నా, ఎంపిక ముందే జరిగిపోయింది.

మూడోది అందరూ తడబడేది. .32 పేరుతో రెండు వేర్వేరు తూటాలున్నాయి. రివాల్వర్‌లో వేసేది .32 స్మిత్ అండ్ వెసన్ లాంగ్. దీని అడుగున స్పష్టమైన అంచు ఉంటుంది, సిలిండరు గదిలోకి జారిపోకుండా ఆపేది అదే. పిస్టల్‌లో వేసేది .32 ఏసీపీ, పొడవులో పొట్టిది. పిస్టల్ అంటే సిలిండరు లేకుండా, పిడిలోని పెట్టె నుంచి తూటాలు అందే చేతి తుపాకీ. రెంటిలోనూ బుల్లెట్ లావు ఇంచుమించు ఒకటే, తూటాలు మాత్రం ఒకటి కావు. లైసెన్సు మీద .32 అని ఉన్నంత మాత్రాన ఏ డబ్బా తెచ్చినా సరిపోతుందనుకోవడం పొరపాటు.

మన దగ్గర దొరికేవి

చాలాకాలం ఈ రంగం ప్రభుత్వ ఆయుధ కర్మాగారాలదే. కాన్పూరులో తయారయ్యే .32 రివాల్వర్‌కు మూలం బ్రిటిష్ వెబ్లీ నమూనా. పైభాగం విరిచినట్టు తెరిస్తే ఖాళీ తూటాలు బయటికి వస్తాయి. ఆరు తూటాలు, మూడంగుళాల గొట్టం, సుమారు 700 గ్రాముల బరువు. 2014 జనవరిలో నిర్భీక్ వచ్చింది. టైటానియం మిశ్రలోహం, దాదాపు 500 గ్రాముల బరువు, ధర 1,22,360 రూపాయలు. మహిళల రక్షణ కోసమని ప్రచారం చేశారు. 2012 ఢిల్లీ నిర్భయ అత్యాచార ఘటన తర్వాత ఆ పేరు పెట్టడాన్నీ, లక్ష దాటిన ధరనూ మహిళా సంఘాల వారు విమర్శించారు. తర్వాత ఇచ్ఛాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ నుంచి .22 బోరు నిడర్ వచ్చింది. అది మరీ తేలిక, సుమారు 250 గ్రాములు. 2021 అక్టోబరులో ఆయుధ కర్మాగారాల మండలిని ఏడు కంపెనీలుగా విడదీశాక, వాటిలో ఒకటైన అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా 2023 ఆగస్టులో ప్రబల్‌ను తెచ్చింది. దీని సిలిండరు పక్కకు తెరుచుకుంటుంది. గొట్టం 76 మిల్లీమీటర్లు, బరువు 675 గ్రాములు. ప్రైవేటు రంగంలో వెబ్లీ అండ్ స్కాట్ ఉత్తరప్రదేశ్‌లోని హర్దోయి జిల్లాలో .32 రివాల్వర్లు తయారు చేయిస్తోంది.

జాబితా ఇంత పొట్టిగా ఉంటే పోల్చి చూడడం తేలికే అనిపిస్తుంది. దుకాణంలో అందరూ ముందుగా చూసేది బరువు. తేలికగా ఉంటే మంచిదనుకుంటారు. అసలు తికమక అక్కడే.

తేలిక తుపాకీ చేతికి ఎందుకు బరువు

తెప్ప మీది నుంచి ఒడ్డుకు దూకితే తెప్ప వెనక్కి జరుగుతుంది, అదే మనిషి పెద్ద పడవ మీది నుంచి దూకితే పడవ అంతగా కదలదు. తుపాకీ తన్నడమూ అంతే. ఒకే తూటాను 700 గ్రాముల రివాల్వర్ నుంచి, 500 గ్రాముల రివాల్వర్ నుంచి కాల్చామనుకుందాం. వెనక్కి నెట్టే ద్రవ్యవేగం రెంటిలోనూ ఒకటే. అయితే తేలికైనది 1.4 రెట్లు వేగంతో వెనక్కి వస్తుంది, చేతికి తగిలే శక్తి కూడా 1.4 రెట్లు ఉంటుంది. .32 లాంగ్ మెత్తని తూటా కాబట్టి ఈ తేడాను భరించవచ్చు. విదేశాల్లో మాగ్నం అనే ఎక్కువ బలమున్న తూటాలు వేసే తేలిక రివాల్వర్ల గురించి మణికట్టు నొప్పి ఫిర్యాదులు వినిపించేది ఇందుకే.

రెండో లెక్క గురిది. గొట్టం చివర ఒక మొన, వెనక ఒక గాడి ఉంటాయి. ఈ రెంటి మధ్య దూరం పది సెంటీమీటర్లు ఉన్న పొట్టి రివాల్వర్‌లో చూపు ఒక్క మిల్లీమీటరు తప్పితే, ఏడు మీటర్ల దూరంలో దెబ్బ ఏడు సెంటీమీటర్లు పక్కకు పోతుంది. ఆ దూరం ఇరవై సెంటీమీటర్లున్న పొడవు తుపాకీలో అదే తప్పుకు మూడున్నర సెంటీమీటర్లే పోతుంది.

మూడోది ట్రిగ్గరు. తూటాను కొట్టి పేల్చే భాగం హ్యామర్. హ్యామర్‌ను ముందే వేలితో వెనక్కి లాగకుండా నేరుగా నొక్కితే, చాలా రివాల్వర్లకు నాలుగున్నర నుంచి అయిదున్నర కిలోల బలం కావాలి. అరకిలో వస్తువును పట్టుకుని దాని మీద అయిదు కిలోల బలం చూపితే మూతి కదలకుండా ఉండదు. భయంతో వణికే చేతిలో ఇంకా కదులుతుంది. అనుభవజ్ఞులు పొట్టి రివాల్వర్‌ను కొత్తవారికి నప్పని తుపాకీ అనేది ఈ మూడు లెక్కలూ కలిసే. దాచడానికి ఎంత అనువో కాల్చడానికి అంత మొండి. లైసెన్సు కోరేవారికి శిక్షణ ధ్రువపత్రం ఉండాలని 2016 నియమాలు పెట్టిన షరతును చాలామంది కాగితం పనిగానే చూస్తారు. పొట్టి రివాల్వర్ విషయంలో అది కాగితం పని కాదని నా అభిప్రాయం.

.22నా, .32నా

.22 వైపు వాదన: తన్నదు, తూటా చవక, సాధన ఎక్కువ చేయవచ్చు, బలం తక్కువైన చేతులకు సరిపోతుంది. దాని బలహీనత తూటా నిర్మాణంలో ఉంది. అడుగు అంచు చుట్టూ పేలుడు పదార్థం ఉండే రకం కావడంతో, మధ్యలో ప్రైమర్ (దెబ్బకు పేలి మందును అంటించే బిళ్ల) ఉండే .32 కంటే పేలకుండా మొరాయించే సందర్భాలు ఎక్కువ. రివాల్వర్‌లో అది మరీ పెద్ద ఆపద కాదు, మళ్లీ నొక్కితే తర్వాతి గది వస్తుంది. మరో సంగతి, ఆ అంచును గట్టిగా కొట్టాలి కాబట్టి .22 రివాల్వర్లకు ట్రిగ్గరు ఒక్కోసారి ఇంకా బిగుతుగా ఉంటుంది. బలం లేని చేతికని కొన్నది ఆ వేలికే లొంగదు.

.32 లాంగ్ బుల్లెట్ శక్తి నాలుగంగుళాల గొట్టం నుంచి సుమారు 150 జౌళ్లు. పోలీసుల 9 మిల్లీమీటర్ల తూటాలో మూడో వంతు అనుకోవచ్చు. గొట్టం పొట్టిదైతే ఇంకా తగ్గుతుంది. ఇది చాలదని కొందరంటారు. గురి తప్పిన పెద్ద తూటా కన్నా తగిలిన చిన్న తూటా మేలని మరికొందరంటారు. ఈ వాదన అమెరికాలోనూ తెగలేదు. అక్కడ .32 అభిమానుల కోసం 1984లో .32 హెచ్ అండ్ ఆర్ మాగ్నం, ఆ తర్వాత .327 ఫెడరల్ మాగ్నం వచ్చాయి. ఇక్కడి .32 రివాల్వర్లను లాంగ్ తూటా కోసమే తయారు చేశారు కాబట్టి ఆ పేర్లు విని ఆశపడి లాభం లేదు.

మార్పుల్లో ఏది నేరం, ఏది సొంత ఇష్టం

వీడియోల ప్రభావం ఎక్కువగా కనిపించేది ఈ విషయంలోనే. ఒక్కో మార్పునూ విడిగా చూడాలి.

గొట్టం కత్తిరించడం: లైసెన్సు లేకుండా తుపాకీ గొట్టాన్ని పొట్టి చేయడాన్ని ఆయుధ చట్టం ఆరో సెక్షను నిషేధిస్తుంది. 2019 సవరణ తర్వాత శిక్ష కనీసం ఏడేళ్లు, గరిష్ఠం యావజ్జీవం. సొంత తుపాకీ కదా అన్న వాదన నిలవదు. ఒక వర్గం తుపాకీని మరో వర్గంగా మార్చడానికీ ఇదే సెక్షను వర్తిస్తుంది. శబ్దాన్ని తగ్గించే సైలెన్సర్ నిషిద్ధ ఆయుధాల జాబితాలోనే ఉంది, దాని గురించి చర్చకు తావు లేదు.

నంబరు: ప్రతి తుపాకీకీ గుర్తింపు ముద్రలుంటాయి. ఎనిమిదో సెక్షను ప్రకారం వాటిని చెరపడం, మార్చడం నేరం. మెరుగు పెట్టించే సమయంలో నంబరు అరిగిపోయినా జవాబు చెప్పుకోవాల్సింది యజమానే. మన తీరంలో ఇది ఊహాజనితమైన సమస్య కాదు. కృష్ణపట్నం, కొత్తపట్నం వైపు ఉప్పుగాలికి ఇనుము ఎలా తింటుందో అందరికీ తెలుసు. నడుముకు ఆనుకుని ఉండే తుపాకీకి చెమట కూడా తోడవుతుంది. తుప్పు గీకించి కొత్త పూత వేయించాలనిపించడం సహజం.

పని ఎవరి చేత చేయించాలన్న ప్రశ్న ఇక్కడే వస్తుంది. తుపాకుల తయారీ, మార్పిడితో పాటు మరమ్మతు కూడా అయిదో సెక్షను కింద లైసెన్సు ఉన్నవారే చేయాలి. ఆటోనగర్ లేత్ మిషను మీద ఎంత నైపుణ్యం ఉన్న మేస్త్రీ అయినా స్ప్రింగు మార్చి ఇస్తే అతనూ, ఇచ్చిన యజమానీ ఇద్దరూ చిక్కుల్లో పడతారు.

ట్రిగ్గరు తేలిక చేయడం: విదేశీ అభిమానులకు ఇష్టమైన పని. స్ప్రింగును మెత్తబరిస్తే వేలికి సుఖమే కానీ, హ్యామర్ దెబ్బ బలం తగ్గి తూటా పేలకపోవచ్చు. పొరపాటున నొక్కుకుపోయే ప్రమాదమూ పెరుగుతుంది. అనుకోకుండా పేలి ఎవరికైనా గాయమైతే, ఆ మార్పే నిర్లక్ష్యానికి సాక్ష్యంగా కోర్టులో కనిపిస్తుంది. హ్యామర్ తోకను కోయించడమూ అలాంటిదే. బట్టకు తగులుకోదన్న మాట నిజమే. బదులుగా, హ్యామర్‌ను వేలితో వెనక్కి లాగి తేలికగా, గురిగా కాల్చే వీలు పోతుంది.

పిడి మార్చడం మీద రెండు అభిప్రాయాలున్నాయి. ఏ భాగం మార్చినా అనుమతి కావాలని జాగ్రత్తపరులంటారు. చట్టం పట్టించుకునేది గొట్టం, వర్గం, గుర్తింపు ముద్రలు కానీ చెక్క పిడి బదులు రబ్బరు పిడి వేస్తే తుపాకీ స్వభావం మారదని ఇంకొందరంటారు. రెండో వాదనలో బలం ఉంది. అయినా లైసెన్సు ఉన్న ఆయుధాల దుకాణం ద్వారా చేయించి రసీదు ఉంచుకున్నవారికి తనిఖీలో మాట్లాడడం తేలిక. నిజానికి, పొట్టి రివాల్వర్‌కు జరిగే మార్పులన్నిటిలో ఎక్కువ ప్రయోజనం ఇచ్చేది ఇదే. చిటికెన వేలికి కూడా పట్టు దొరికే పిడి ఉంటే తన్నుడూ, వణుకూ రెండూ తగ్గుతాయి. కాకపోతే పిడి పెరిగిన కొద్దీ చొక్కా కింద ఉబ్బూ పెరుగుతుంది.

చాటుగా పెట్టుకోవడం హక్కా, నిబంధనా

అమెరికాలో దుస్తుల చాటున తుపాకీ ఉంచుకోవడానికి కొన్ని రాష్ట్రాల్లో ప్రత్యేక అనుమతి కావాలి, సగానికి పైగా రాష్ట్రాల్లో అదీ అక్కర్లేదు. మన నిబంధన మరో వైపు నుంచి వస్తుంది. 2016 ఆయుధ నియమాల్లో 32వ నియమం ప్రకారం బహిరంగ ప్రదేశంలో చేతి తుపాకీని దానికోసం తయారైన ఒరలో ఒంటికి తగిలించుకునిగానీ, అలాంటి సంచిలోగానీ, పూర్తిగా కప్పి ఉంచాలి. అది ఎప్పుడూ మన అదుపులో ఉండాలి. బయటికి తీసి ఊపడం, గాలిలో కాల్చడం లైసెన్సు రద్దుకు దారితీస్తాయి. పెళ్లిలోనో ఊరేగింపులోనో సరదాకు కాల్చి ఇతరుల ప్రాణాలకు ముప్పు తెస్తే, 2019 సవరణ ప్రకారం రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడతాయి. అంటే నడుము మీద తుపాకీ నలుగురికీ కనపడాలన్న ముచ్చటకు చట్టంలో చోటు లేదు.

ఒర లేకుండా ప్యాంటు జేబులో వేసుకుంటే ఈ షరతు తీరదు. తాళంచెవులు ట్రిగ్గరులో ఇరుక్కునే ముప్పు సరేసరి. పంచె కట్టేవారికి ఒర తగిలించే బెల్టే ఉండదు, అది వారికి విడిగా చిక్కు. తోలు ఒర చెమటను పీల్చి తుపాకీకి అంటిస్తుంది. అందుకే రాత్రుళ్లు తుపాకీని ఒరలోనే వదిలేయడం తుప్పుకు ఆహ్వానం.

ఒక ఉదాహరణ చూద్దాం. నెల్లూరు వ్యాపారికి ఆంధ్రప్రదేశ్ వరకే చెల్లే లైసెన్సు ఉంది. ఆసుపత్రి పని మీద కారులో చెన్నై బయలుదేరాడు. తడ దాటి తమిళనాడులో అడుగు పెట్టిన క్షణం నుంచి అతని దగ్గరున్నది ఆ రాష్ట్రంలో చెల్లే లైసెన్సు లేని తుపాకీ. ఉద్దేశం మంచిదే అన్నది అక్కడ లెక్కకు రాదు. దేశమంతటా చెల్లుబాటు కావాలంటే విడిగా కోరాలి. అతనే తిరుమల వెళితే అలిపిరి తనిఖీ దగ్గరే ఆగిపోతాడు.

కాల్చే హక్కు ఎంతవరకు

భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ గురించినవి. అవసరానికి మించిన హాని చేయకూడదు, పోలీసులను ఆశ్రయించే సమయం ఉంటే ఈ హక్కు లేదు అన్నవి మూల సూత్రాలు. రొయ్యల డబ్బుతో రాత్రిపూట వస్తున్న వ్యాపారిని ఇద్దరు కత్తులతో అడ్డగించారనుకుందాం. ప్రాణభయం సహేతుకమైతే ప్రాణం పోయేంత ప్రతిఘటనకు కూడా చట్టం వీలిస్తుంది. వాళ్లు సంచి లాక్కుని పారిపోతుంటే వీపు మీద కాల్చాడనుకుందాం. ముప్పు తొలగిపోయాక పేల్చిన ఆ తూటాకు రక్షణ దొరకడం చాలా కష్టం. చెరువులో దొంగచాటుగా వల వేసినవాడి విషయమూ అంతే. ప్రాణభయమో తీవ్ర గాయమవుతుందన్న భయమో కలిగించని మామూలు దొంగతనానికి మరణం జవాబు కాదు.

అసలు తుపాకీ ఉంటే భద్రత పెరుగుతుందా? స్టేషనుకు దూరంగా చెరువు గట్టు మీద, క్వారీలో ఉండేవారు పోలీసులు వచ్చేదాకా తమను ఎవరు కాపాడతారని అడుగుతారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. మరోవైపు, 1993లో అమెరికా వైద్య పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ఇంట్లో తుపాకీ ఉండడానికీ, ఆ ఇంట్లో హత్య జరిగే ముప్పు 2.7 రెట్లు ఉండడానికీ సంబంధం చూపింది. ముప్పు ఉన్నవారే తుపాకీ కొంటారు కదా, కారణమేదో ఫలితమేదో తేలలేదని విమర్శకులన్నారు. లైసెన్సులు అరుదైన మన జిల్లాలకు ఆ అంకెను యథాతథంగా అన్వయించడం కుదరదు. కానీ ఇంట్లో గొడవ, తాగుడు, కుంగుబాటు ఉన్నచోట తుపాకీ ఎవరి మీదికి తిరుగుతుందన్న ప్రశ్న ఇక్కడా అంతే వర్తిస్తుంది.

ఎన్నికలప్పుడు, యజమాని తర్వాత

మన రెండు జిల్లాల్లో పోలీస్ కమిషనరేట్లు లేవు కాబట్టి లైసెన్సు అధికారి కలెక్టరు. పోలీసుల నివేదిక తప్పనిసరి. దరఖాస్తుదారుకు 21 ఏళ్లు నిండాలి. ఆస్తి చాలినంత లేదన్న ఒక్క కారణంతో నిరాకరించకూడదని చట్టమే చెబుతోంది. ఎన్నికల వేళ అందరూ గంపగుత్తగా అప్పగించాలన్నది మాత్రం అపోహ. బొంబాయి హైకోర్టు తీర్పు నేపథ్యంలో ఎన్నికల సంఘం జిల్లా స్థాయి పరిశీలన కమిటీల పద్ధతి తెచ్చింది. నేర చరిత్ర, బెయిలు మీద ఉండడం, గత ఎన్నికల అల్లర్లలో పాత్ర లాంటివి చూసి ఎవరి దగ్గర తీసుకోవాలో కమిటీ నిర్ణయించాలి. అప్పగించినవారు రసీదు అడిగి తీసుకోవాలి. ఫలితాల తర్వాత ఆయుధం తిరిగి ఇచ్చేస్తారు.

లైసెన్సుదారు చనిపోతే బీరువాలోని రివాల్వర్‌ను కొడుకు అలాగే ఉంచుకోలేడు. అనవసర జాప్యం లేకుండా దగ్గర్లోని స్టేషనులోగానీ, లైసెన్సున్న దుకాణంలోగానీ జమ చేసి, వారసుడిగా తన పేరు మీద లైసెన్సుకు దరఖాస్తు చేయాలి. లైసెన్సుదారుకు 70 ఏళ్లు వచ్చినా, తుపాకీ 25 ఏళ్లు ఆయన దగ్గర ఉన్నా, ఏది ముందైతే అప్పుడు బతికుండగానే వారసుడికి బదలాయించే వీలుంది. ఆ పాత తుపాకీ .38 అని తేలితే ఆ దరఖాస్తు కలెక్టరేట్ దాటి ఢిల్లీ వెళ్లాల్సి వస్తుంది.